తమ్ముడు మొండికేస్తున్నాడన్న అక్కగారి ప్రశ్నకు సమాధానం

తెనాలి దగ్గరి ఒక పల్లె నుంచి ఒక అక్కగారు రాసిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆమె తమ్ముడికి 28 ఏళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే మస్తిష్క పక్షవాతం. నడవలేడు, చేతులు బిగుసుకుపోయి ఉంటాయి, మాట తల్లికి తప్ప మరొకరికి సరిగా అర్థం కాదు, కానీ చుట్టూ జరిగేదంతా అతనికి తెలుస్తుంది. తండ్రి లేరు. రెండు నెలల క్రితం తల్లి జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడటంతో జీతానికి ఒక కేర్‌టేకర్‌ను పెట్టారు. అప్పటి నుంచి తమ్ముడు అన్నం దగ్గర నోరు బిగిస్తున్నాడు, స్నానానికి ఎత్తబోతే ఒళ్లంతా కర్రలా చేసుకుంటున్నాడు, రాత్రిళ్లు కేకలు పెడుతున్నాడు. ఇప్పటికి ఇద్దరు కేర్‌టేకర్లు మానేశారు. అతను మాట వినేటట్టు చేయడం ఎలా, బంధువులు అంటున్నట్టు వికలాంగుల హోమ్‌లో చేర్పించడం మంచిదా, బ్యాంకు, పింఛను వ్యవహారాలకు గార్డియన్‌గా రాయించుకోవాలా అని ఆమె అడిగారు.

అమ్మా, నేను 26 ఏళ్లుగా వికలాంగుల పునరావాస రంగంలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం, మీ తమ్ముడిలాంటి పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లతోనూ ఇంట్లోవాళ్లతోనూ కూర్చుని పనిచేశాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో అమ్మగారి మాట ఉంది, కేర్‌టేకర్ల మాట ఉంది, బంధువుల మాట ఉంది, మీ బాధ ఉంది. తమ్ముడు ఏమంటున్నాడన్నది మాత్రం ఎక్కడా కనిపించలేదు. తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఇంటికీ ఉద్యోగానికీ మధ్య నలిగిపోతున్న మనిషికి ముందు కనిపించేది తిననన్న ముద్దే. అయినా నా సమాధానమంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది కనుక ముందే చెబుతున్నాను. మాటలు పలకని మనిషికి నోరు బిగించడం, ఒళ్లు బిగించడం, కేక పెట్టడం మాత్రమే మిగిలిన మాటలు కావచ్చు. వాటిని మాన్పించే ఉపాయం వెతికే ముందు, అవి ఏం చెబుతున్నాయో వినాలి.

అన్నిటికంటే ముందు నొప్పి సంగతి చూడండి. రెండు నెలల్లో మారిన ప్రవర్తనకు కేర్‌టేకర్ మారడం ఒక్కటే కారణమని అనుకోకండి. నడవలేని వారిలో తుంటి కీలు క్రమంగా పక్కకు జారడం ఎక్కువగా కనిపిస్తుంది. మలబద్ధకం, పుచ్చిన పన్ను, తిన్నది గొంతులోకి ఎగదన్నే మంట, పడుకున్నచోట ఒరిసిన చర్మం, ఇవన్నీ రాత్రి కేకలకు కారణాలు కాగలవు. మూర్ఛకు మందులు వాడుతుంటే అవి వేళకు పడుతున్నాయో లేదో కూడా చూడండి, ఎందుకంటే ఇంట్లో మనిషి మారినప్పుడు మొదట తప్పేది మందుల వేళే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు, ఎక్కడ నొప్పి అన్నది మిమ్మల్ని కాక అతన్నే అడగమని చెప్పండి. ఒక్కొక్క చోట చెయ్యి పెట్టి 'ఇక్కడా?' అని అడిగితే అవునో కాదో అతను చెప్పగలడు.

ఇక అన్నం సంగతి. కొన్నేళ్ల క్రితం ఇలాగే తిండి మానేశాడన్న ఒక యువకుడి ఇంటికి వెళ్లాను. భోజనం వేళకు పక్కన కూర్చుని చూశాను. కేర్‌టేకర్ మంచి కుర్రాడే, ఓపిక ఉన్నవాడే. అయితే అతను నిలబడి పెడుతున్నాడు. ముద్ద పైనుంచి వస్తోంది కనుక కుర్చీలో ఉన్న మనిషి తల వెనక్కి వాల్చి నోరు తెరవాల్సి వస్తోంది. తల వెనక్కి వాలితే గాలి గొట్టం తెరుచుకుంటుంది, మెతుకు అటు పోతుంది, పొలమారుతుంది. మూడో ముద్దకు పొలమారింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ దగ్గు తగ్గకముందే నాలుగో ముద్ద పెదవుల దాకా వచ్చింది. అప్పుడు నోరు బిగిసింది. కుర్రాడు నా వైపు తిరిగి, 'చూశారా మేడం, రోజూ ఇదే మొండితనం' అన్నాడు.

ఆ పూటే ఒక చిన్న పీట తెప్పించి కుర్రాణ్ణి దాని మీద కూర్చోబెట్టాం. ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తుకు వచ్చాయి. తల కొద్దిగా ముందుకు, గడ్డం కిందికి ఉండేలా మెడ వెనుక మడత పెట్టిన తువ్వాలు పెట్టాం. పాదాలు వేలాడకుండా కింద ఒక చెక్క పెట్టె ఉంచాం. పప్పన్నాన్ని పలుచన చేయకుండా కాస్త ముద్దగా కలిపి, లోతు తక్కువ ఉన్న చెంచాతో పెదవుల ముందు ఆపి, అతను తనంతట తాను నోరు తెరిచేదాకా ఆగమన్నాం. ఎంతసేపు ఆగాలని కుర్రాడు అడిగాడు. మింగినట్టు గొంతు కదలడం కనిపించేదాకా అని చెప్పాను. ఆ పూట భోజనానికి నలభై నిమిషాలు పట్టింది, కంచం ఖాళీ అయింది. వంటలో తేడా ఏమీ లేదు. అతను భయంతో నోరు మూసుకున్నాడు, భయం తగ్గాక తెరిచాడు, అంతే. మీ ఇంట్లోనూ ఇదే జరుగుతోందని నేను చూడకుండా చెప్పలేను. ఈ పూట అన్నం పెట్టే మనిషి ఎక్కడ నిలబడి పెడుతున్నారో మాత్రం చూడండి. తిన్నాక అరగంట నిటారుగానే కూర్చోనివ్వండి. తిన్న తరువాత గొంతు తడిగా, గరగరలాడుతున్నట్టు ఉన్నా, తరచూ జ్వరం, ఛాతీలో కఫం వస్తున్నా ఆలస్యం చేయకుండా స్పీచ్ థెరపిస్టు చేత మింగుడు పరీక్ష చేయించాలి.

ఒళ్లు కర్రలా చేసుకోవడం గురించి కూడా ఒక మాట. సెరిబ్రల్ పాల్సీలో కండరాల బిగువు మనిషి చేతిలో ఉండదు. హఠాత్తుగా ముట్టుకున్నా, పెద్ద శబ్దమైనా, తొందరపెట్టినా, చివరికి సంతోషం ఎక్కువైనా ఆ బిగువు పెరుగుతుంది. వెనుక నుంచి వచ్చి చంకల్లో చేతులు వేసి ఎత్తితే, అతను వద్దనుకోకపోయినా శరీరం విల్లులా వెనక్కి వంగుతుంది. ఎదురుగా వచ్చి, 'ఇప్పుడు నిన్ను లేపుతాను, సిద్ధమా?' అని అడిగి, అతను సరేనన్నాక ముందు మోకాళ్లు, తుంటి మడిచి, అప్పుడు ఎత్తితే సగం బిగువు ఉండదు. స్నానం ఎవరు చేయించాలి, ఏ వేళకు, తలుపు వేసి ఉండాలా, ఒంటి మీద తువ్వాలు ఎప్పటిదాకా ఉండాలి అన్నవి అతన్ని అడిగారా? 28 ఏళ్ల మగవాణ్ణి ముక్కూ మొహం తెలియని మనిషి మొదటి రోజే బట్టలు విప్పితే ఎవరి ఒళ్లయినా బిగుస్తుంది.

ఈ రంగంలో మేము వ్యక్తి కేంద్రిత తోడ్పాటు అంటాం. పేరు పెద్దది కానీ చేసే పని ఇంట్లోదే. మనిషికి ఏం కావాలో ఇతరులు నిర్ణయించి అతన్ని అందులో ఇమడ్చకుండా, అతని బతుకు ఎలా ఉండాలని అతను కోరుకుంటున్నాడో తెలుసుకుని సహాయాన్ని దాని చుట్టూ అల్లడం. అమెరికాలో మైకేల్ స్మల్, ఆయన సహచరులు 1980 దశకం చివర్లో ఈ పనికి ఒక తేలికైన గీత గీశారు. ఒక పక్క ఆ మనిషికి ముఖ్యమైనవి, అంటే అతను సంతోషంగా ఉండటానికి కావలసినవి. రెండో పక్క ఆ మనిషి కోసం ముఖ్యమైనవి, అంటే ఆరోగ్యం, భద్రత. మన ఇళ్లలో రెండో పక్కే నిండుతుంది. మందులు, స్నానం, వ్యాయామం, వేళకు భోజనం అన్నీ రాస్తాం. మొదటి పక్క రాయమంటే పెన్ను ఆగిపోతుంది. మీ తమ్ముడికి పొద్దున మొదట కాఫీ కావాలా, మొహం కడగడం కావాలా? మంచం కిటికీ వైపు ఉండాలా? క్రికెట్ చూస్తాడా? ఎవరు ఇంటికి వస్తే మొహం వెలుగుతుంది, ఎవరు వస్తే గోడ వైపు తిరుగుతాడు?

ఈ తప్పు నేను కూడా చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక యువకుడికి ఆరు నెలల లక్ష్యంగా చొక్కా గుండీలు తనే పెట్టుకోవడం అని రాసి, రోజూ సాధన చేయించాను. ఐదు గుండీలకు అతనికి నలభై నిమిషాలు పట్టేది. గుండీలు పడేసరికి చెమటతో చొక్కా తడిసిపోయేది, తరువాత దేనికీ ఓపిక ఉండేది కాదు. నాలుగో నెలలో బొమ్మల పలక, అంటే బొమ్మలు చూపించి మాట చెప్పుకునే అట్ట, ముందు పెట్టి, ఇన్నాళ్లకు మొదటిసారి, నీకేం చేయాలనుందని అడిగాను. అతను నాన్న బొమ్మ చూపించాడు, తరువాత డబ్బు బొమ్మ చూపించాడు. నాన్నగారి కిరాణా కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలని. దానికి గుండీల చొక్కాతో పనేముంది? టీషర్టు వేసి, కొట్టు మెట్టుకు ఒక వాలు బల్ల వేస్తే వారంలో జరిగిపోయింది. నాలుగు నెలల అతని పొద్దుటిపూటలు నేను వృథా చేశాననే బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఆ తరువాత ఏ ఇంటికి వెళ్లినా అడగకుండా లక్ష్యం రాయలేదు.

మీ ఇంట్లో ఒక పని మాత్రం అత్యవసరం. 28 ఏళ్లుగా మీ తమ్ముడి భాష తెలిసిన మనిషి మీ అమ్మగారు ఒక్కరే. ఆ నిఘంటువు ఆమె మనసులో తప్ప ఎక్కడా లేదు. ఆమె మంచాన ఉన్నారు కనుక ఇప్పుడు తీరిక ఉంది, జ్ఞాపకమూ ఉంది. ఇద్దరినీ ఒకే గదిలో ఉంచి, ఒక పొడుగు నోటుపుస్తకం తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో అతను ఏం చేస్తాడు, రెండో గడిలో దానికి అర్థం ఏమిటి, మూడో గడిలో మనం ఏం చేయాలి. ఉదాహరణకు, 'కుడి మోచెయ్యి మంచం పట్టీకి రాస్తాడు. ఒక పక్కన పడుకుని నొప్పి పుడుతోంది. ఎడమ వైపుకు ఒత్తిగిలించి మోకాళ్ల మధ్య దిండు పెట్టాలి' అని. 'కళ్లు పైకెత్తుతాడు, అవును' అని. అమ్మగారు చెప్పిన ప్రతి వరుసనూ అక్కడికక్కడే అతనికి చదివి, ఇది నిజమేనా అని అడగండి. కొన్నింటికి కాదంటాడు. తల్లులు కూడా కొన్ని పొరపాటుగా అర్థం చేసుకుంటారు, పాతికేళ్లుగా ఒక కూర ఇష్టమనుకుని పెడుతూ ఉంటారు. ఆ దిద్దుబాట్లు ఆ పుస్తకంలో అన్నిటికంటే విలువైనవి.

అడిగే పద్ధతి కూడా ఉంది. ఒకసారి ఒకే ప్రశ్న. అవును, కాదు అన్న జవాబు సరిపోయేటట్టు అడగాలి. లేదా రెండు వస్తువులు, రెండు చొక్కాలో రెండు పండ్లో, కళ్ల ముందు పట్టుకోవాలి. అడిగాక మనసులో పది లెక్కపెట్టుకుంటూ మౌనంగా ఉండాలి, ఎందుకంటే జవాబు అతని మనసులో వెంటనే పుట్టినా కండరాల దాకా రావడానికి సమయం పడుతుంది. మధ్యలో మళ్లీ అడిగితే అతను మొదటికి రావాలి. అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపవద్దు, 'నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పు' అనండి. తల ఊపి వెళ్లిపోయిన మనిషికి అతను ఇంకోసారి చెప్పే ప్రయత్నం చేయడు. మీ ఫోనులోని ఫొటోలు, అంటే ఇంట్లోవాళ్లు, గదులు, తిండి పదార్థాలు, ఊళ్లో అతను చూసిన చోట్లు, ప్రింటు తీయించి ఒక అట్టకు అంటించినా మంచి పలక అవుతుంది. ఖరీదైన పరికరం దాకా ఆగనక్కరలేదు.

అతన్ని ఇంట్లో ఏమని పిలుస్తున్నారో కూడా చూసుకోండి. చాలా ఇళ్లలో గడ్డాలు వచ్చిన మనిషిని 'చంటి', 'బుజ్జి' అని పిలుస్తూ, వచ్చినవాళ్లకు 'పాపం, దేవుడి బిడ్డ' అని పరిచయం చేస్తారు. ప్రేమతోనే అంటారు. కానీ పిలుపు చిన్నపిల్లవాడిది అయినప్పుడు అడగడం కూడా మానేస్తాం, పసివాణ్ణి ఎవరూ సలహా అడగరు కదా. ఏ పిలుపు కావాలో అతన్నే అడగండి. ఇంట్లో 'బుజ్జి', బయటివాళ్ల ముందు పూర్తి పేరు అంటే, అదీ సరే.

మూడో కేర్‌టేకర్‌ను పెట్టేటప్పుడు మాట్లాడటం అతని ముందే జరగాలి. వచ్చిన మనిషి 'ఈయన ఏం తింటాడు?' అని మిమ్మల్ని అడుగుతున్నాడా, 'మీరు ఏం తింటారు?' అని అతన్ని అడుగుతున్నాడా, అది చాలు. మూడు రోజులు ఉండనిచ్చి, తరువాత తమ్ముణ్ణి విడిగా అడగండి. వద్దంటే వద్దనే. ఈ అధికారం కొత్తగా ఇస్తున్నది కాదు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం, 2016, తోడ్పాటు ఏర్పాటును మార్చుకునే, రద్దు చేసుకుని మరొకరి తోడు కోరే హక్కు వికలాంగ వ్యక్తికి ఉందని 13వ సెక్షన్‌లో స్పష్టంగా చెబుతోంది. తోడ్పడేవారు అనుచిత ఒత్తిడి తేకూడదని, ఆ వ్యక్తి స్వేచ్ఛను, గౌరవాన్ని, ఏకాంతాన్ని మన్నించాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. కేర్‌టేకర్‌కు కూడా వారానికి ఒక సెలవు, వేళకు జీతం, కూర్చుని తినే తీరిక ఉండాలి. అలసిపోయిన మనిషి చేతుల్లో మెత్తదనం ఉండదు.

హోమ్ గురించి అడిగారు. మీ శక్తికి మించిన భారం మీ మీద ఉందని నాకు తెలుసు. హోమ్ మాట ఎత్తినంత మాత్రాన మీరు తమ్ముణ్ణి వదిలించుకోవాలని చూస్తున్నారని నేను అనుకోను. అయితే ఆ మాట అతని వెనుక జరగకూడదు. సమాజంలో జీవించే హక్కు వికలాంగులకు ఉందని, ఫలానా చోటే ఉండాలన్న నిర్బంధం వారి మీద లేకుండా ప్రభుత్వం చూడాలని అదే 2016 చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 19వ అధికరణ సారాంశం కూడా ఇదే. తప్పనిసరి అయితే అతన్ని వెంటబెట్టుకుని వెళ్లి చూడండి, ఒక పగలు, తరువాత ఒక రాత్రి ఉండి రానివ్వండి. తిరిగి వచ్చాక అడగండి. నిజం చెప్పాలంటే నేను చూసిన చాలా ఇళ్లలో కొరత హోమ్‌ది కాదు, మరో ఇద్దరు ముగ్గురు మనుషులది.

కెనడాలోని టొరంటోలో జూడిత్ స్నో అనే ఆమె కాళ్లూ చేతులూ కదపలేని స్థితిలో, వృద్ధుల కోసం నడిపే నర్సింగ్ హోమ్‌లో చిన్న వయసులోనే ఉండవలసి వచ్చింది. 1980 ప్రాంతంలో ఆరోగ్యం బాగా దెబ్బతిన్నప్పుడు ఆమె స్నేహితులు కొందరు క్రమం తప్పకుండా కలుస్తూ, ప్రభుత్వంతో మాట్లాడి, సహాయకులను పెట్టుకుని సొంత ఇంట్లో ఉండే ఏర్పాటు సాధించారు. మిత్ర వలయం అన్న ఆలోచనకు ఆమె జీవితమే పునాదుల్లో ఒకటి. మన ఊళ్లలో ఇది కొత్త విషయం కాదు, పెళ్లికో చావుకో వీధంతా కదులుతుంది, రోజువారీ బతుకుకు మాత్రం పిలవడానికి మొహమాటపడతాం. ఆదివారం గంటసేపు క్రికెట్ చూడటానికి వచ్చే పక్కింటి కుర్రాడు, నెలకోసారి గుడి దాకా కుర్చీ తోసుకెళ్లే బాబాయి, రాత్రి అవసరమైతే ఫోను ఎత్తే ఒక స్నేహితురాలు, ఈ ముగ్గురు దొరికితే మీ ఇంటి పరిస్థితి మారుతుంది. ఎవరిని పిలవాలో తమ్ముడే చెప్పాలి.

బయటికి తీసుకెళ్తే ఏమైనా జరుగుతుందేమో అన్న భయం మీ ఉత్తరంలో ఉంది. 1972లో రాబర్ట్ పర్‌స్కే అనే అమెరికన్ రచయిత, తెగించే గౌరవం (డిగ్నిటీ ఆఫ్ రిస్క్) అన్న అర్థం వచ్చే మాట వాడుతూ, అతి జాగ్రత్త మనిషి గౌరవాన్నే హరిస్తుందని వాదించారు. నేను దాన్ని ఇలా పాటిస్తాను: ఎండ, ట్రాఫిక్, పొలమారడం, కుర్చీ పట్టీ, ఒక్కొక్క ప్రమాదానికి ఏం చేయాలో అతనితో కలిసి కాగితం మీద రాసి, ఆ తరువాత బయలుదేరుతాం. ప్రమాదం ఉందని ప్రయాణం మానడం నా దృష్టిలో చివరి దారి.

గార్డియన్ విషయంలో తొందరపడవద్దు. జాతీయ ట్రస్టు చట్టం, 1999 కిందకు ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు వస్తాయి. జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ ఆ చట్టం కింద సంరక్షకుణ్ణి నియమించగలదు. కానీ అన్నీ అర్థమయ్యే మనిషికి సంతకం పెట్టలేకపోవడం గార్డియన్ అవసరానికి కారణం కాదు. చేతులు పనిచేయని ఖాతాదారు వేలిముద్ర, అదీ వీలుకాకపోతే కాలి బొటనవేలి ముద్ర, ఇద్దరు సాక్షుల సమక్షంలో చెల్లుతుందని, ఆ సాక్షుల్లో ఒకరు బ్యాంకు బాధ్యతాయుత అధికారి కావాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మేనేజరుకు తెలియకపోతే మర్యాదగా చూపించండి. నిజంగా ఏదైనా నిర్ణయానికి తోడు కావలసి వస్తే, 2016 చట్టం 14వ సెక్షన్ పరిమిత గార్డియన్‌షిప్ గురించి చెబుతుంది. అది ఒక నిర్దిష్ట నిర్ణయానికి, నిర్దిష్ట కాలానికి మాత్రమే, అదీ ఆ వ్యక్తి ఇష్టానుసారం, గార్డియనూ ఆ వ్యక్తీ కలిసి నిర్ణయించేది. ఆస్తి లాంటి ఏదైనా లావాదేవీలో మీ లాభం, అతని లాభం ఒకదానికొకటి అడ్డొస్తే, ఆ ఒక్క లావాదేవీలో మీరు సహాయకురాలిగా ఉండరాదని 13వ సెక్షన్ అంటుంది, ఆ పని మీ కుటుంబం నమ్మే మరొకరికి అప్పగించండి.

కాగితాల విషయం క్లుప్తంగా: సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) సరిచూసుకోండి. జాతీయ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు అర్హులు. 2016 చట్టం 38వ సెక్షన్ కింద అధిక తోడ్పాటు అవసరమని తమ్ముడే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను ఆరు వేలు అయింది. ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోవడం మామూలే, తప్పని పరిస్థితి కూడా కావచ్చు. అయినా అందులో నెలకు ఐదు వందలు విడిగా ఒక డబ్బాలో వేసి, ఏం కొనాలో అతన్ని అడగండి. నాకు తెలిసిన ఒకాయన మొదటి నెల ఆ డబ్బుతో తల్లికి జాకెట్ గుడ్డ కొన్నాడు.

వచ్చే వారం మీ ఇంట్లో ఏం మారిందో రాయండి. రాసేటప్పుడు తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి, రాసిన ప్రతి వాక్యం అతనికి చదివి వినిపించండి, అతను కాదన్న వాక్యం కొట్టేయండి. చివర్లో అతను అడగాలనుకున్న ప్రశ్న ఒకటి, ఎంత సమయం పట్టినా, అతని పేరుతోనే చేర్చండి. దానికి జవాబు అతనికే రాస్తాను.